నాలుగో గడి రంగు

ప్రెస్సులో ఆమెను అందరూ చుక్కలక్క అంటారు. అచ్చయిన ఏ బొమ్మనైనా భూతద్దం కింద పెడితే కనిపించేవి చుక్కలే. నీలం, గులాబీ, పసుపు, నలుపు. ఆ చుక్కలు పక్కపక్కన సర్దుకుని, కంటిని మోసం చేసి, ముఖాలూ పూలూ ఆకాశమూ అవుతాయి. ఆ మోసం సవ్యంగా జరిగిందో లేదో చూడడమే ఆమె ఉద్యోగం. రచయితలూ డాక్టర్లూ పంపిన బొమ్మల్ని సరిచేసి, పేజీల్లో కూర్చి, అచ్చు ప్లేటు తయారీకి పంపేది ఆమే. మెడలో నల్లదారానికి చిన్న భూతద్దం ఎప్పుడూ వేలాడుతుంటుంది. నీకొచ్చిన సంబంధాలన్నిటినీ ఆ అద్దం పెట్టే చూసుంటావు, అందుకే ఒక్కటీ నచ్చలేదని మెషిన్ నడిపే బాబాయ్ వారానికోసారైనా అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది.

పెళ్ళి చేసుకోలేదు కానీ ఆమె ఒంటరి కాదు. తమ్ముడు, మరదలు, నెల దాటిన మేనకోడలితో కలిసి మూడో అంతస్తులో ఒక చిన్న వాటాలో ఉంటుంది. పసిపిల్ల పుట్టినప్పటి నుంచి కాస్త పసుపుగానే ఉంది. పుట్టిన పిల్లలకు అది మామూలే, ఉదయపుటెండ చూపిస్తే పోతుందన్నారు తెలిసినవాళ్ళు. చూడవచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల మేలిమి బంగారంలా ఉందన్నారు. దాంతో తమ్ముడు దాన్ని బంగారం అనే పిలవడం మొదలుపెట్టాడు. రోజూ ఎండ చూపిస్తూనే ఉన్నారు. రంగు మాత్రం పోలేదు. ముద్దు వచ్చే రంగును ఎవరు అనుమానిస్తారు?

ఆ రోజుల్లో చుక్కలక్క చేతిలో ఉన్న పని, ఒక ప్రసూతి ఆసుపత్రి వేయిస్తున్న పుస్తకం. పురుడు పోసుకుని ఇంటికి వెళ్ళే ప్రతి తల్లి చేతిలోనూ పెట్టడానికి. పాలు పట్టడం, స్నానం, జ్వరం, టీకాలు, అన్నీ ఉన్నాయందులో. అన్నిటికన్నా ముఖ్యం చివరి పేజీ అని పిల్లల డాక్టరమ్మ ప్రెస్సుకు వచ్చి మరీ చెప్పింది. ఆ పేజీలో ఆరు గళ్ళు. ఒక్కో గడిలో పసిపిల్లల దొడ్డి అంటిన తెల్లగుడ్డ ఫొటో. మొదటి మూడూ పాలిపోయినవి: సున్నం రంగు, తడి బూడిద రంగు, వెలిసిన మీగడ రంగు. తర్వాతి మూడూ ఆరోగ్యమైనవి: పసుపు, ఆవపొడి రంగు, ఆకుపచ్చ. కాలేయం నుంచి పేగులోకి పిత్తం దిగే దారి మూసుకుపోయి పుట్టిన పిల్లలకు దొడ్డి పాలిపోతుందట. తొందరగా కనిపెడితే ఆపరేషన్‌తో దారి తెరవచ్చు. ఆలస్యమైతే కాలేయం గట్టిపడిపోతుంది. అందుకని గళ్ళ కింద పెద్ద అక్షరాల్లో, 'మొదటి మూడు గళ్ళలో ఏ రంగు కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి' అని రాసి ఉంది.

మిగతా పేజీల్లో అక్షరం తప్పు పోయినా సర్దుకోవచ్చు కానీ ఈ పేజీలో రంగు తప్పు పోకూడదంది డాక్టరమ్మ. నమూనా కాగితం మీద కాదు, అసలు మెషిన్ మీద తీసిన మొదటి కాగితం చూసి తనే సంతకం పెడతానంది.

ఆ సంతకానికి ఒక మధ్యాహ్నం ఖాయమైంది. అలవాటు ప్రకారం చుక్కలక్క ముందురోజు సాయంత్రం చివరి పేజీ నమూనా ఒకటి ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో, ప్రెస్సు హడావుడి లేనిచోట, ఒకసారి తీరిగ్గా చూస్తే తప్పేదైనా కంటపడుతుందని ఆమె నమ్మకం. కాగితాన్ని బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, దేవుడి పటం ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకుంది. రోజూ అడిగేదే అడిగింది. నా చేతి పనిలో తప్పు దొర్లకుండా చూడు తండ్రీ.

కళ్ళు తెరిచేసరికి మరదలు బల్ల దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో నమూనా, ఒక చేతిలో అప్పుడే మార్చిన పిల్ల గుడ్డ.

"వదినా, ఒకసారి ఇటు రా."

గొంతు మామూలుగానే ఉంది. మరీ మామూలుగా ఉంది. చుక్కలక్క దగ్గరికి వెళ్ళింది. మరదలు గుడ్డను కాగితం పక్కన పరిచి, గడి గడికీ జరుపుతోంది. నాలుగో గడి దగ్గర ఆపింది. వెనక్కి జరిపింది. మూడో గడి దగ్గర ఆగిపోయింది.

"మూడులా ఉంది కదూ?"

బల్బు పసుపు వెలుతురులో రంగు చూడకూడదని చుక్కలక్కకు తెలుసు. ఆ మాట పైకి అంటూనే గుడ్డనూ కాగితాన్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. బయట ఇంకా పొద్దు ఉంది. ఎదుటి మేడ గోడ మీద పడి తిరిగొస్తున్న తెల్లటి వెలుతురులో చూసింది. మూడే. మూడుకూ నాలుగుకూ మధ్య కూడా కాదు, కచ్చితంగా మూడు. వెలిసిన మీగడ రంగు. ఇన్ని రోజులుగా ఈ గుడ్డలు తనూ ఉతికింది. చుక్కలు తప్ప మరేమీ చూడని కళ్ళకు ఇంట్లో ఉన్నది కనబడలేదా?

"ఇది ఇంకా ఖాయం చెయ్యని పేజీ," అంది. "రంగు దిద్దాల్సింది ఉందేమో. రేపు ప్రెస్సులో చూసి చెప్తాను."

"అంటే పేజీ సరైంది కాదా వదినా?"

"కాదనుకుంటా."

తలుపు దగ్గర చెప్పులు విప్పుతున్న తమ్ముడు ఆఖరి మాటలే విన్నాడు. సంగతేమిటని అడిగి, విని, భార్య భుజం మీద చెయ్యి వేసి పెద్దగా నవ్వాడు. మా అక్క పేజీ తప్పు, మా బంగారం కరెక్టు, ఇందులో తేల్చడానికేముంది అన్నాడు. ఆ నవ్వు కొంచెం ఎక్కువసేపు నవ్వాడు. మరదలు ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్దామని చెప్పులు కూడా వేసుకోబోయింది. వదిన మాట విని ఆగింది. ఈ ఇంట్లో రంగుల విషయంలో వదిన మాటకు తిరుగులేదు.

ఆ రాత్రి సంగతి చెప్పుకోవలసింది ఏమీ లేదు. ఎవరూ నిద్రపోలేదు, ఒక్క పిల్ల తప్ప.

పొద్దున్నే మరదలు అప్పుడే తీసిన గుడ్డను చిన్న ప్లాస్టిక్ సంచిలో మడిచి ఇచ్చింది. రంగు మారకముందే చూడు వదినా అంది. చుక్కలక్క దాన్ని చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా రోజూ తన పనిలో తప్పు లేకుండా చూడమని అడిగిన మనిషి ఇవాళ ఏమని అడగాలి? పేజీ సరైందైతే పిల్లకు జబ్బు ఉన్నట్టు. పేజీ తప్పైతే పిల్ల క్షేమం. తప్పు నాదయ్యేట్టు చూడు తండ్రీ అనుకుంది, వెంటనే నాలుక కరుచుకుంది. ఈ పేజీ ఎందరు తల్లుల చేతికి వెళ్తుందో తనకు తెలియదా? ఇంకా మెషిన్ ఎక్కలేదు కదా, తప్పైతే దిద్దుతాను కదా, అని దేవుడికే సర్దిచెప్పింది. ఇలా బేరమాడితే ఆయన వింటాడా? వినకూడదేమో. అయినా అడిగింది. బస్సు దిగేదాకా అదే అడిగింది.

ప్రెస్సులో మెషిన్ గది తలుపు తెరిచే ఉంది. బాబాయ్ రోలర్లు తుడుస్తున్నాడు. ఆమె నేరుగా తన గదిలోకి వెళ్ళి తెల్ల దీపాల పెట్టె వెలిగించింది. రంగులు చూడడానికే ఉన్న దీపాలవి, పగటి వెలుతురుకు సాటి వచ్చేవి. నమూనాను వాటి కింద పరిచి, భూతద్దం మూడో గడి మీద పెట్టి వంగింది.

మొదట రంగు చూసింది. తర్వాత గుడ్డ చూసింది. ఫొటో తీసింది తెల్ల నూలుగుడ్డ మీద. పడుగూ పేకా కనబడాలి. పిల్లల డాక్టరమ్మ తీయించిన ఫొటోలు అంత నాణ్యమైనవి, మొదటిసారి తెర మీద చూసినప్పుడు నేత దారాలు లెక్కపెట్టగలిగేలా ఉండడం ఆమెకు గుర్తుంది. ఇప్పుడు భూతద్దం కింద నేత లేదు. రంగు అంచుల దగ్గర చిన్నచిన్న చదరాలు, మధ్యలో మసక. నాలుగో గడిలోనూ అంతే. ఐదులోనూ అంతే.

పేజీలో తప్పుందన్న ఆశ ఆమెలో లేచింది.

కంప్యూటరు ముందు కూర్చుని ఆ పేజీలో బొమ్మలు ఎక్కడి నుంచి వచ్చాయో చూసింది. ఆరూ జేపెగ్ ఫైళ్ళు. ఫోనులో వచ్చినవి.

ఎలా జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ఆసుపత్రి వాళ్ళు అసలు ఫొటోలను టిఫ్ ఫైళ్ళుగా పెన్‌డ్రైవ్‌లో పంపుతామన్నారు. అవి చాలా బరువైన ఫైళ్ళు, ఏదీ వదలకుండా తీసినది తీసినట్టు దాచుకునేవి. అవి రావడానికి ఆలస్యమవుతుందని, ఈలోగా పేజీ కట్టుకోవడానికి పనికొస్తాయని, అవే ఫొటోలను ఫోనులో పంపారు. అలాంటప్పుడు ఎవరైనా చేసే పనే ఆమె చేసింది. ఫోను బొమ్మల్ని గళ్ళలో తాత్కాలికంగా కూర్చి, అసలువి రాగానే మార్చుకుందామనుకుంది. పెన్‌డ్రైవ్ వచ్చింది. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చింది. చివరి పేజీకి చేరేవేళకు తమ్ముడి ఫోను వచ్చింది, మేనకోడలు పుట్టిందని. కుర్చీ కూడా సర్దకుండా లేచి పరుగెత్తింది. మర్నాడు వచ్చి, అన్నీ మార్చేశాననే అనుకుంది. గళ్ళు చిన్నవి కాబట్టి ఫోను బొమ్మ కూడా వాటికి సరిపోయింది. కంప్యూటరు ఏ హెచ్చరికా చెయ్యలేదు.

తప్పు తనదే. స్పష్టంగా, కాదనడానికి వీల్లేకుండా తనదే. చుక్కలక్క రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. అడిగినది అడిగినట్టు ఇచ్చావు తండ్రీ. ముందు మరదలికి ఫోను చేసింది.

"పేజీ తప్పే. నాదే పొరపాటు. ఫోనులో వచ్చిన బొమ్మలు అలాగే ఉండిపోయాయి."

అవతల ఒక నిట్టూర్పు. తర్వాత ఏడుపు, ఏడుపులోనే నవ్వు.

"నీకు దణ్ణం పెడతాను వదినా. ఇంత మంచి తప్పు ఎవరూ చేసి ఉండరు."

ఆ తర్వాత ఓనరుగారికి చెప్పింది. చేసిన ప్లేటు పారేసి మళ్ళీ చెయ్యాలంటే ఏ ఓనరుకైనా ముఖం ముడుచుకుంటుంది. ఆయన రెండు బొమ్మల్నీ తెర మీద పక్కపక్కన పెట్టించి, రెండూ ఒకేలా ఉన్నాయి కదమ్మా, చిన్నపిల్లల ముడ్డిగుడ్డలకు ఇంత రాద్ధాంతమా అన్నాడు. కాగితం మీద చూపిస్తానంది ఆమె. ఆరు గళ్ళలోనూ టిఫ్ ఫైళ్ళు పెట్టి, ప్రింటరుకు పంపి, కొత్త నమూనా కోసం నిలబడింది. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉన్నట్టనిపించింది. మెషిన్ గదిలోంచి బాబాయ్ గొంతెత్తి, చుక్కలక్కే తప్పు చేసిందంటే మాకిక మోక్షం ఉన్నట్టే అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది.

కాగితం మెల్లగా బయటికి వస్తోంది. ముందు ఆరో గడి. ఆకుపచ్చ, లేతాకు మీద ఎండ పడినట్టుంది. తర్వాత ఐదు. తర్వాత నాలుగో గడి.

నాలుగో గడి పసుపు నిండుగా ఉంది.

చుక్కలక్క నవ్వు అక్కడే ఆగింది. నిండుగా. పాత నమూనాలో ఇది నీళ్ళు కలిపినట్టుండేది.

కాగితం పూర్తిగా వచ్చేలోగా ఆమెకు తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది, అది ఆమె బతుకుతెరువు. అసలు ఫైలులో బొమ్మతో పాటు ఒక చీటీ లాంటిది ఉంటుంది, ఈ రంగుల్ని ఇలా చదువుకో అని. ఫోను బరువు తగ్గించేటప్పుడు ఆ చీటీని చింపేసింది. చీటీ లేని బొమ్మను కంప్యూటరు తనకు తోచినట్టు చదువుకుంది, పసుపు వెలవెలబోయింది. అంటే పాత పేజీలోని ప్రతి గడీ నిజం కన్నా పాలిపోయి ఉంది. పాలిపోయిన ఆ పేజీలో కూడా పిల్ల గుడ్డ ఆరోగ్యం వైపుకు చేరలేదు. మూడో గడి దగ్గరే ఆగింది.

తప్పు జరిగిన మాట నిజం. కానీ ఆ తప్పు జబ్బును ఎక్కువ చేసి చూపేది కాదు, తక్కువ చేసి చూపేది. పేజీ తప్పా ఒప్పా అని ఆలోచించిందే గానీ ఎటు తప్పు అని ఎందుకు అనుకోలేదు? ఎవరైనా కుర్రవాడు నేర్చుకుంటూ ఇలా చేస్తే మొదట అదే అడిగేది కదా తను.

సంచిలోంచి గుడ్డ తీసింది. తెల్ల దీపాల కింద కొత్త నమూనా పరిచి, పక్కన పెట్టింది. నాలుగుకు దరిదాపుల్లో లేదు. మూడో గడి గుడ్డ కన్నా ముదురుగా ఉంది. రెండో గడి దగ్గరికి జరిపింది. తడి బూడిద రంగు. గుడ్డకూ కాగితానికీ మధ్య గీత కనబడలేదు.

మళ్ళీ చూసింది. దీపాలు ఆర్పి వెలిగించి చూసింది. ఫోను చెయ్యాలి. ఇందాకే కదా మరదలు నవ్వింది. చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది గానీ వేళ్ళు కదల్లేదు.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రిలో పని తొందరగా తెమిలిందని, అనుకున్న వేళకన్నా ముందే వచ్చానని ఓనరుగారితో చెబుతూ లోపలికి అడుగుపెట్టింది. దీపాల పెట్టె వైపు చూసి, "ఇదేనా?" అని దగ్గరికొచ్చింది. వస్తూనే పేజీ చూసింది, తలూపింది, బాగా వచ్చింది ఇదే నేను కోరింది అంది. ఆ తర్వాత పక్కనున్న గుడ్డ చూసింది.

డాక్టరమ్మ గుడ్డను చేత్తో ముట్టుకోలేదు. వంగి, కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"ఇది ఫొటో కోసం తెచ్చిందా?"

"కాదండీ."

"మరి ఎవరిది?"

"మా తమ్ముడి కూతురిదండీ. ఇవాళ పొద్దుటిది."

"ఎన్నాళ్ళ పిల్ల?"

"నెల దాటిందండీ."

"పసుపుగా ఉందా?"

చుక్కలక్క తలూపింది. బంగారంలా ఉంటుందండీ అనబోయింది. అనకుండా మానేసింది.

పిల్ల మూత్రం పోసినప్పుడు గుడ్డకు ముదురు పసుపు రంగు అంటుతోందా అని అడిగింది డాక్టరమ్మ. చుక్కలక్కకు ఇన్నాళ్ళూ ఉతికిన గుడ్డలన్నీ ఒక్కసారి కళ్ళ ముందు ఆరేసినట్టు కనిపించాయి. అవునంది. ఇంకా ఏమేమో చెప్పాలనుకుంది. పేజీ తప్పని తనే అన్నానని, తన మాట వల్లే నిన్న సాయంత్రం వెళ్ళకుండా ఆగారని. డాక్టరమ్మ వినే స్థితిలో లేదు. చేతిసంచి భుజాన వేసుకుంటోంది.

"ఇప్పుడే తీసుకురండి. నేను ముందు వెళ్తాను. సంతకం తర్వాత పెడతా."

ఓనరుగారు ప్లేటు ఖర్చు మాట ఎత్తలేదు. తన కారు తాళాలు తీసి బాబాయ్ చేతిలో పెట్టాడు. ఆమెను ఇంటికి తీసుకెళ్ళి అక్కడి నుంచి అందరినీ ఆసుపత్రిలో దింపి రమ్మన్నాడు. సిరా అంటిన చేతులు కడుక్కోకుండానే బాబాయ్ కారు తీశాడు. దారంతా అతను హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

మూడు అంతస్తుల మెట్లూ ఎక్కేసరికి తలుపు తెరిచే ఉంది. మరదలు గుమ్మంలో నవ్వుతూ నిలబడింది, పిల్ల భుజాన నిద్రపోతోంది. చుక్కలక్కను చూడగానే ఆ నవ్వు పోయింది. ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

"పేజీ తప్పన్నావు కదా వదినా."

"తప్పే. తప్పు మరోవైపుది. పద, డాక్టరమ్మ అక్కడ ఎదురుచూస్తోంది."

మరదలు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని చుక్కలక్క తర్వాత చాలాసార్లు అనుకుంది. కారులో తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. అతను కూడా అదే మాట అన్నాడు, పేజీ తప్పన్నావు కదక్కా అని. నిష్ఠూరంగా అనలేదు. పరీక్ష తప్పిన పిల్లవాడు ఫలితాలు మళ్ళీ చూడమని అడిగినట్టు అడిగాడు.

పరీక్షలు ఒకటి తర్వాత ఒకటి చేశారు. రక్తం తీశారు, కడుపు స్కానింగ్ చేశారు. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. డాక్టరమ్మ అనుకున్నదే నిజమైంది. పిత్తం దిగే దారి లేదు. దారి కట్టడానికి ఆపరేషన్ చెయ్యాలి, వెంటనే చెయ్యాలి. ఆలస్యం కాలేదని ఆమె చెప్పింది. ఒక సాయంత్రం ఆగితే కాలేయం పాడైపోదు, కానీ పేజీ తప్పని నమ్మి ఒక నెల ఆగేవాళ్ళు ఉంటారు, అది తలుచుకోండి అంది. చుక్కలక్క తలుచుకుంది. ఆ పాత పేజీ అచ్చయి వెళ్ళిపోయి ఉంటే, తమ పిల్ల కన్నా కొంచెం తక్కువ పాలిపోయిన పిల్ల ఏ ఇంట్లోనో ఉంటే, వెలవెలబోయిన ఆ నాలుగో గడి పక్కన గుడ్డ పెట్టి తల్లి సంతోషంగా పుస్తకం మూసేసి ఉండేది. ఆ తల్లి ఎవరో తెలియదు. అయినా ఆమె ముఖం చుక్కలక్కకు కనబడుతూనే ఉంది.

ఆపరేషన్ గది బయట బల్లల మీద కూర్చున్నారు. గోడకు లేత పసుపు రంగు వేశారు. తమ్ముడు ఆ గోడ వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చుక్కలక్క ప్రార్థన చెయ్యాలనుకుంది. ఏం అడగాలన్నా భయమే వేసింది. మొన్న బస్సులో అడిగింది అడిగినట్టు దొరికింది. తప్పు తనదే అయింది. ఇప్పుడు మాటలు పెట్టి అడిగితే ఏ మాటలో ఏ మెలిక ఉంటుందో? చివరకు ఏమీ అడగలేదు. నీకు తెలుసు అని మాత్రం అంది. ఇన్నేళ్ళ పూజలో ఇంత చిన్న ప్రార్థన ఎప్పుడూ చెయ్యలేదు. అది చాలునో చాలదో కూడా ఆమెకు తెలియలేదు.

డాక్టర్లు బయటికి వచ్చి, దారి కట్టామన్నారు. పిత్తం దిగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. అది మీ గుడ్డలే చెప్తాయి అంది పిల్లల డాక్టరమ్మ. రంగు రావాలి. వస్తే దారి తెరుచుకున్నట్టు. వచ్చినా ఏళ్ళ తరబడి చూపించుకుంటూనే ఉండాలి. రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఆ తర్వాతి రోజుల్లో ఆ గదిలో ఎవరూ గుడ్డ అనే మాట పైకి అనలేదు. మరదలు గుడ్డ మార్చేటప్పుడు తమ్ముడు వరండాలోకి వెళ్ళిపోయేవాడు. మొదటిది బూడిద రంగు. తర్వాతిదీ అంతే. ఆ తర్వాత దాంట్లో ఏదో ఛాయ ఉన్నట్టనిపించింది, మర్నాటికి అదీ లేదు. చుక్కలక్క పగలు ప్రెస్సుకు వెళ్ళి, సాయంత్రం నేరుగా ఆసుపత్రికి వచ్చేది. ప్రెస్సులో ఇప్పుడు ప్రతి పేజీలోనూ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ప్లేటుకు ముందు ఇద్దరు చూస్తున్నారు. ఆ ఏర్పాటు ఆమే అడిగి పెట్టించింది. రెండో మనిషి బాబాయ్. నాకు కంప్యూటరు చూస్తే తలనొప్పి అంటూనే కూర్చుని ఒక్కో ఫైలు పేరూ పైకి చదువుతాడు. సంబంధాల మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. అది లేక ఆమెకు వెలితిగానే ఉంది.

పుస్తకం చివరి పేజీ మెషిన్ ఎక్కిన రోజున డాక్టరమ్మ వచ్చి మొదటి కాగితం మీద సంతకం పెట్టింది. బాబాయ్ అలాంటిదే ఇంకో కాగితం తీసి, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, చుక్కలక్కకు ఇచ్చాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి మరదలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. తెర పూర్తిగా పక్కకు లాగేసి ఉంది. తమ్ముడు ఈసారి వరండాలోకి వెళ్ళలేదు, భార్య వెనకే నిలబడ్డాడు. మంచం మీద పిల్ల కాళ్ళు తన్నుకుంటోంది. మరదలి చేతిలో గుడ్డ ఉంది. ఆమె దాని వైపు చూడడం లేదు.

"నువ్వు చూడు వదినా. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

చుక్కలక్కకూ తన కళ్ళ మీద నమ్మకం లేదు. అట్టలు విప్పి కాగితాన్ని కిటికీ పలక మీద పరిచింది. పడుగూ పేకా కనబడుతున్న తెల్లగుడ్డలు, ఆరు. రెండో గడి దగ్గర మొదలుపెట్టింది. కాదు. మూడు. కాదు. నాలుగు దగ్గర ఆపి, చాలాసేపు చూసింది. తర్వాత గుడ్డను ఇంకొంచెం జరిపింది. ఐదో గడి దగ్గర, ఆవపొడి రంగు పక్కన, గుడ్డకూ కాగితానికీ మధ్య గీత పోయింది.

మరదలు ఆమె వేలు ఎక్కడ ఆగిందో చూసింది. తలెత్తింది.

"ఈ పేజీ సరైందేనా వదినా?"

చుక్కలక్క మెడలోని భూతద్దం తీసి మూడో గడి మీద పెట్టి చూసింది. నాలుగో గడి మీద పెట్టి చూసింది. చివరకు ఐదో గడి మీద పెట్టి, నేత దారాలు ఒక్కొక్కటీ కళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. తమ్ముడు ఏదో అనబోతే మరదలు అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"సరైందే," అంది చుక్కలక్క.